పెద్ద డాక్టరు స్వయంగా వేసిన కట్టు

మా బావకి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది. దాన్ని మా అక్క కూడా మర్చిపోయి ఉంటుంది. ఊరంతా ఆయన్ని పిలిచేది కదలకయ్య అని. సెలూన్లో మనిషి కుర్చీ ఎక్కగానే మెడచుట్టూ గుడ్డ బిగించి, తల కాస్త పక్కకు వంచి, "కదలకయ్యా" అనేవాడు. ఇక ఆ మనిషి దగ్గాలన్నా తుమ్మాలన్నా బావ అనుమతి కావాల్సిందే. బ్యాంకు మేనేజరుకీ అదే మాట, బడిపిల్లాడికీ అదే మాట. అలా అనీ అనీ అదే పేరైపోయింది.

ఆయన సెలూనుకూ నా సైకిలు రిపేరు షాపుకూ మధ్య ఒకటే గోడ. గోడకి అటు కత్తెర చప్పుడు ఆగిందంటే మాటలు మొదలయ్యాయని నాకు తెలిసేది. నోట్లో నాలుక లేని మనిషి ఇంట్లో. షాపులో మాత్రం ఆయనే రాజు. గడ్డం గీసేటప్పుడు గాటు పడితే, అది ఎప్పుడూ కుర్చీలో ఉన్నవాడి తప్పే. "నేను కొయ్యలేదు బాబూ, నువ్వు కదిలావు" అని, గాటు మీద పటిక రుద్దుతూ తేల్చేసేవాడు. కత్తి పట్టినవాడి మీద నమ్మకం పెట్టి కూర్చున్నవాడికి ఏమీ కాదని ఆయన లెక్క. నేను వేళాకోళం చేసేవాణ్ణి గానీ, ఆయన దాన్ని నిజంగా నమ్మాడు. ఇంత చెప్పడం ఎందుకంటే, ఆ నమ్మకమే ఆయన కొంప ముంచింది.

తన కుడిచేతిని ఎంత గారాబంగా చూసుకునేవాడో చెబితే నవ్వొస్తుంది. బరువులన్నీ ఎడమచేత్తోనే. బిందె ఎత్తడు, కూరగాయలు తరగడు. ఎవరైనా హుషారుగా చెయ్యి కలపడానికొస్తే నమస్కారం పెట్టి తప్పించుకునేవాడు. "మీ బావది రాజావారి చెయ్యిరా, మనం పల్లకీ కట్టించాలి" అని అక్క దెప్పేది. దెప్పుతూనే రాత్రిపూట కొబ్బరినూనె రాసి ఆ వేళ్ళు పట్టేది కూడా ఆవిడే.

ఊళ్ళో మెయిన్ రోడ్డు మీద అద్దాల మేడలాంటి ఆసుపత్రి ఉంది. దాని యజమాని ఎముకల డాక్టరు. పెద్ద డాక్టరు అంటే చాలు, ఎవరో అందరికీ తెలుసు. కొత్తగా చదువైపోయి అద్దె గదిలో ప్రాక్టీసు పెట్టిన రోజుల్లో ఆయన మా బావ కుర్చీలోనే కూర్చునేవాడు. పెద్దవాడయ్యాక బావే ఆయన ఇంటికి వెళ్ళి క్షవరం చేసి వచ్చేవాడు. "నీ చేతిలో ఏదో మందుందయ్యా, నువ్వు ముట్టుకుంటే నిద్రొచ్చేస్తుంది" అని పెద్ద డాక్టరు అన్నాడట. ఆ మాట బావ నాకు ఎన్నిసార్లు చెప్పాడో. మొదటిసారి చెప్పినట్టే చెప్పేవాడు, నేనూ మొదటిసారి విన్నట్టే వినేవాణ్ణి.

ఒకరోజు పొద్దున సెలూన్లో ట్యూబులైటు మినుకుమినుకుమంటోందని మా బావ గుండ్రంగా తిరిగే కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. గోడ అవతలే నేనున్నాను, నా దగ్గర నిచ్చెన ఉంది, ఒక్క కేక వేస్తే సరిపోయేది. వెయ్యలేదు. ఎవరినైనా ఏదైనా అడగాలంటే ఆయనకి ప్రాణం మీదికొచ్చేది. కుర్చీ తన పని తను చేసింది, గిర్రున తిరిగింది. దబ్బున చప్పుడైతే పరిగెత్తాను. అద్దం కింద కూర్చుని, ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని ఉన్నాడు. మణికట్టుకీ మోచేతికీ మధ్య ఎముక ఉండాల్సిన చోట వంపు ఉంది.

"ఏం లేదులేరా. షట్టరు వెయ్యి" అన్నాడు.

పెద్ద డాక్టరు ఆసుపత్రికే తీసుకెళ్ళాం. ఇంకెక్కడికి వెళ్తాం? కారు గుమ్మంలో సిద్ధంగా ఉంది. ఆయన వేరే ఊళ్ళో డాక్టర్ల సభకి బయలుదేరుతున్నాడు. బావని చూసి ఆగాడు. అప్పుడు నాకు ఎంత గర్వమనిపించిందో చెప్పలేను. వరసలో కూర్చున్న జనమంతా చూస్తుండగా ఆయన మా బావ భుజం మీద చెయ్యి వేసి లోపలికి నడిపించుకుపోయాడు.

కట్లు వేసే గదిలో ఆ పని చేసే మనిషి అప్పటికే బకెట్టులో కట్టు నానబెడుతున్నాడు. అది సగం కట్టు. ఎముక కొత్తగా విరిగినప్పుడు చెయ్యి వాస్తుంది కాబట్టి, ఒక పక్కన మాత్రమే గట్టి కట్టు పెట్టి, రెండో పక్క మామూలు గుడ్డ చుడతారు. వాపుకి చోటుంటుంది. కొన్ని రోజులకి వాపు తగ్గాక పూర్తి కట్టు వేస్తారు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు పెద్ద డాక్టరు అతన్ని పక్కకు జరగమన్నాడు.

"మన కదలకయ్యకి నేనే వేస్తాను. ఇన్నేళ్ళు నా తల ఆయన చూసుకున్నాడు, ఆయన చెయ్యి నేను చూసుకోవద్దూ?" అన్నాడు. అందరూ నవ్వారు. మేమూ నవ్వాం. ఎముక సర్ది, వేళ్ళ మొదళ్ళ నుంచి మోచేతి పైదాకా చుట్టూ పూర్తి కట్టు బిగించేశాడు. "ఇక మళ్ళీ మళ్ళీ విప్పే పనుండదు" అన్నాడు చేతులు కడుక్కుంటూ. బయట కారు హారన్ వినిపించింది. "ఒక్క రాత్రి ఇక్కడే ఉండు. రేపు వచ్చి చూస్తాను. కదలకు!" అని ఆయనే బావ మాట బావకి అప్పజెప్పి వెళ్ళిపోయాడు. ఆ జోక్‌కి బావ మొహం వెలిగిపోయింది.

సాయంత్రం కాకముందే ఆ వెలుగు పోయింది. పెదవి కొరుక్కుంటున్నాడు. నర్సు గదిలోంచి వెళ్ళేదాకా ఆగి, నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"లోపల పట్టుకారుతో పట్టి మెలిపెడుతున్నట్టుందిరా" అన్నాడు గుసగుసగా.

"నర్సుతో చెప్పు మరి!"

"చెప్పాను. కొంచెం నొప్పిగా ఉందన్నాను."

కొంచెం! ఆ మనిషి నుదుటి మీద చెమట బొట్లు బొట్లుగా కారుతోంది. వేళ్ళు ఉబ్బి, రంగు మారి, నీలంగా అవుతున్నాయి. ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి. అక్క ఒక వేలిని చాపబోయింది. బావ మంచం మీద ఎగిరిపడ్డాడు. అంతే, ఆవిడ వరండాలోకి పరిగెత్తింది.

నర్సు వచ్చింది, చూసింది. "విరిగిన చెయ్యి నొప్పి పుట్టకుండా ఉంటుందా అమ్మా?" అని ఒక ఇంజెక్షన్ పొడిచి పోయింది. అక్క మళ్ళీ వెళ్ళింది. ఈసారి డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరు వచ్చాడు. చేరి ఏడాది కూడా అయి ఉండదు. అతను వేలి గోరు నొక్కి చూశాడు, వేలు చాపి చూశాడు. అతని మొహంలో రంగు మారడం నేను కళ్ళారా చూశాను. ఫోను తీసుకుని బయటికి నడిచాడు. నేను వెంటపడ్డాను.

ఫోను ఎత్తింది పెద్ద డాక్టరు కాదు, ఆయన వెంట వెళ్ళిన మనిషి. ఆయన వేదిక మీద ఉన్నాడట. కాసేపటికి కబురొచ్చింది. చెయ్యి ఎత్తులో పెట్టమన్నాడు, నొప్పికి ఇంకో ఇంజెక్షన్ ఇమ్మన్నాడు, వచ్చి చూస్తానన్నాడు.

"మీరు చూశారు కదా సార్. ఏదో తేడాగా ఉందని మీకే తెలిసింది. ఆ కట్టు కోసెయ్యండి" అన్నాను.

"సార్ వేసిన కట్టండీ అది." చిన్న డాక్టరు గొంతు తగ్గించాడు. "సార్ వేసింది సార్ చెప్పకుండా ఎవరూ ముట్టుకోకూడదు. ఇక్కడి పద్ధతి అంతే. నన్నేం చెయ్యమంటారు?"

ఆ పద్ధతి ఏ గోడ మీదా రాసిలేదు. కానీ ఊడ్చే మనిషి దగ్గర్నుంచి అందరికీ తెలుసు. అంతకుముందు ఒక డాక్టరు పెద్దాయన వేసిన కుట్టు ఒకటి విప్పాడని, వారం తిరక్కుండా అతని కుర్చీలో వేరేవాళ్ళు కూర్చున్నారట. అంటే, మా బావ ఊళ్ళో ఎవరికీ తెలియని అనామకుడై, ఆ కట్లగది మనిషే కట్టు వేసి ఉంటే, ఏ నర్సు అయినా కత్తెరతో విప్పి ఉండేది. పెద్ద డాక్టరు ప్రేమ కొద్దీ వేశాడు కాబట్టి చేతికి ఊపిరాడకపోయినా అది విప్పడానికి వీల్లేదు. పరిచయం ఉంటే పని జరుగుతుందని మనం గొప్పగా చెప్పుకుంటాం. జరిగింది మరి.

అక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. మా అక్క మామూలుగా గట్టిగా నవ్వడానికే మొహమాటపడే మనిషి. ఆ సాయంత్రం వరండాలో నిలబడి అరిచింది. "మా ఆయన చెయ్యి చచ్చిపోతోంది, ఎవరో ఒకరు రండి" అని గొంతు చించుకుంది. పక్క గదుల్లోంచి రోగులు తలుపులు తీసి చూశారు. వాచ్‌మన్ వచ్చాడు.

"మీ ఆయనే నోరెత్తడం లేదు, మధ్యలో మీకెందుకమ్మా అంత ఆరాటం?" అంది నర్సు. "మిగతా పేషెంట్లు పడుకోవద్దూ?"

అక్కని రెక్క పట్టుకుని గేటు బయట కూర్చోబెట్టారు. నేను షాపుకి వెళ్ళి రేకు కత్తిరించే కత్తెర తెచ్చాను. చొక్కాలో దాచుకుని లోపలికి చేరాను. కట్టు అంచుకి ఆనించాను కూడా. ఆపింది ఎవరనుకున్నారు? వాచ్‌మన్ కాదు.

"వద్దురా" అన్నాడు బావ. "ఆయనంతటివాడు నాకోసం ఆగి వేశాడు. వచ్చి చూస్తే ఏమనుకుంటాడు? సగం పనిలో కదిలితేనేరా గాటు పడేది. నేను ఓర్చుకుంటాను, నువ్వెళ్ళి మీ అక్కని చూడు."

నా షాపులో ఎంత తుప్పు పట్టిన నట్టయినా తిప్పుతాను. మా బావని మాత్రం తిప్పలేకపోయాను.

తెల్లవారాక అక్కని లోపలికి రానిచ్చారు. బావ నన్ను చూసి నవ్వాడు. "నొప్పి తగ్గిపోయిందిరా. చెప్పానా? ఇప్పుడసలు చెయ్యి ఉన్నట్టే లేదు." అక్క కళ్ళు తుడుచుకుంది. నేను వెళ్ళి ముగ్గురికీ టీ తెచ్చాను. నర్సు కూడా మమ్మల్ని చూసి తల ఊపింది, అనవసరంగా ఎంత గొడవ చేశారో చూశారా అన్నట్టు. నొప్పి ఎందుకు తగ్గిందో ఆ గదిలో ఉన్న మా ముగ్గురికీ తెలియదు. తెలిసిన చిన్న డాక్టరు ఆ పొద్దున మా గది వైపే రాలేదు.

పెద్ద డాక్టరు మధ్యాహ్నం వచ్చాడు. మిషన్‌తో కట్టు కోశాడు. కోస్తున్నంతసేపూ ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు. అది రెండుగా విడిపోగానే మాట ఆగిపోయింది. వెంటనే ఆపరేషన్ గదికి తీసుకెళ్ళారు. మణికట్టు నుంచి మోచేతిదాకా చీల్చారు. తర్వాత చచ్చిన కండ తియ్యాలని మళ్ళీ, ఆ తర్వాత మళ్ళీ. చివరికి చెయ్యి మిగిలింది. వేళ్ళు మాత్రం లోపలికి ముడుచుకుపోయాయి, మణికట్టు వంగిపోయింది. ఆ చేతితో తలుపు నెట్టొచ్చు. అంతకుమించి ఏమీ చెయ్యలేం.

"పడ్డప్పుడే నరాలు చితికిపోయాయి" అన్నాడు పెద్ద డాక్టరు, మంచం చుట్టూ తన మనుషుల్ని నిలబెట్టుకుని. "చెయ్యి తీసెయ్యకుండా నిలబెట్టామంటే అదే గొప్ప." ఫీజు వద్దన్నాడు. ఆ ముక్క మాత్రం ఊరంతా పాకింది. ఎంత దేవుడండీ, పేదవాడి దగ్గర రూపాయి ముట్టుకోలేదు అని నా షాపులో ట్యూబుకి పంక్చరు వేయించుకుంటూ జనం నాకే చెప్పేవారు. నా ఒళ్ళు మండిపోయేది. గాలి ఎక్కువ కొట్టి పంపేవాణ్ణి.

బావ ఎడమచేత్తో నేర్చుకోవాలని చూశాడు. ఈ పని నేర్చేవాళ్ళు బెలూను ఊది, దానికి సబ్బు నురగ పూసి, పగలకుండా కత్తితో గీస్తారు. చిన్నప్పుడు అలాగే నేర్చుకున్నాడట. మళ్ళీ బెలూన్లు తెచ్చుకున్నాడు. గోడ అవతల బెలూను పగిలిన చప్పుడు, కాసేపు నిశ్శబ్దం, మళ్ళీ ఇంకొకటి ఊదుతున్న చప్పుడు. పగలడం తగ్గాక నేనే వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. గడ్డం కింద గాటు పడింది. నేను కదలలేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. "నువ్వు కదిలావురా" అంటాడని, తిట్టించుకుందామని ఎదురుచూశాను. కత్తి కడిగి, మడిచి, పెట్టెలో పెట్టేశాడు. ఆ కుర్చీని వేరే మనిషికి అద్దెకిచ్చి, తను గుమ్మం పక్క బెంచీ మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. పాత ఖాతాదార్లు వచ్చి, ఆ చేతిని చూసి, ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోయేవారు. కొన్నాళ్ళకి వాళ్ళూ వేరే దారి చూసుకున్నారు.

డాక్టర్ల మండలికి ఫిర్యాదు పెడదామన్నది అక్క. బావ ఒప్పుకోలేదు. చివరికి ఒక్క షరతు మీద దిగొచ్చాడు. "డబ్బు మాట ఎత్తొద్దు. పొరపాటైందని ఆయన నోటితో ఒక్కసారి అంటే చాలు. ఇది నేను పడ్డందుకు కాదు అని నలుగురికీ తెలిస్తే చాలు" అన్నాడు. ఆయనకి మిగిలిన కోరిక అదొక్కటే. పడిపోయి చెయ్యి పోగొట్టుకున్నాడు, వయసొచ్చినా బుద్ధిలేకుండా తిరిగే కుర్చీ ఎక్కాడు అని జనం అనుకోవడం ఆయన్ని తినేస్తోంది.

డాక్టరు తప్పు చేశాడని ఇంకో డాక్టరు చెప్పాలన్నాడు మేం పెట్టుకున్న లాయరు. ఊళ్ళో ఇంకో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన చెయ్యి చూశాడు, లేచి తలుపు వేసి వచ్చాడు. "ఆ సాయంత్రమే కట్టు కోసేసి ఉండాల్సింది. వేళ్ళు దక్కేవి" అన్నాడు.

"ఆ మాటే విచారణకొచ్చి చెప్పండి బాబూ, మీకు పుణ్యముంటుంది" అంది అక్క.

"నేనూ ఈ ఊళ్ళోనే బతకాలి కదమ్మా" అన్నాడాయన. తలుపు మళ్ళీ ఆయనే తీశాడు.

మండలి విచారణకి ముగ్గురు డాక్టర్లు కూర్చున్నారు. పొడవాటి బల్ల, నీళ్ళ గ్లాసుల మీద కాగితపు మూతలు, చల్లటి గది. మధ్యలో ఉన్నాయన బట్టతల మనిషి, చాలా మర్యాదస్తుడు. మా అందరికీ కుర్చీలు వేయించాడు. పెద్ద డాక్టరు ఆ పక్కన కూర్చుని బావని చూసి ఆప్యాయంగా తల ఊపాడు. బావ కూడా లేచి వంగి నమస్కారం పెట్టాడు. అలవాటు! నేను పళ్ళు కొరుక్కున్నాను.

చిన్న డాక్టరు మా వైపు చూడకుండా చెప్పాడు, తను ఫోను చేశానని, సార్ చెప్పినట్టు చేశానని, పేషెంటు ప్రశాంతంగానే ఉన్నాడని. అక్క తను చూసిందంతా చెప్పింది. అరిచానని, గేటు బయటికి గెంటారని చెప్పింది. "బంధువులకి ఆందోళన సహజం" అన్నాడు బట్టతల డాక్టరు, ఎంతో సానుభూతిగా. తర్వాత బావ వైపు తిరిగాడు.

"ఆ సాయంత్రం మీకు నొప్పి ఎక్కువగా ఉందా?"

"ఉందండి. ప్రాణం పోయినట్టుంది."

"మరి ఆ సంగతి సిబ్బందికి చెప్పారా? కట్టు తీసెయ్యమని మీరు అడిగారా?"

ఈ ప్రశ్న వస్తుందని లాయరు ముందే చెప్పాడు. అడిగాను, బతిమాలాను అని చెప్పు బావా అని దారి పొడవునా నేను నూరిపోశాను. బావ వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడు.

"ఛ ఛ, లేదండీ. అలాంటి రభస నేను చెయ్యను. మావాడు కత్తెర తెస్తే నేనే వద్దన్నాను. పెద్దాయన స్వయంగా వేసిన కట్టు కదండీ. పళ్ళ బిగువున పట్టుకున్నాను గానీ ఇంత కూడా కదల్లేదు" అన్నాడు.

చిన్న గర్వం కూడా ఉంది ఆ గొంతులో. వాళ్ళంతా చదువుకున్న మనుషులు కాబట్టి, తను ఎంత మర్యాదగా నడుచుకున్నాడో అర్థం చేసుకుని మెచ్చుకుంటారని అనుకున్నాడు. అర్థం చేసుకున్నారు. ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పెద్ద డాక్టరు గ్లాసు మీద మూత తీసి నీళ్ళు తాగాడు.

తీర్పు కాగితం వచ్చిన రోజు సెలూన్ బెంచీ మీద కూర్చుని నేనే చదివి వినిపించాను. అక్క గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఇలాంటి దెబ్బల్లో ఇలాంటి పరిణామాలు అరుదుగా జరుగుతుంటాయట. నొప్పి తీవ్రతను రోగి సకాలంలో తెలియజేయలేదట, కట్టు సడలించడానికి రోగే నిరాకరించాడట. వైద్యంలో నిర్లక్ష్యం కనిపించలేదట. ఇకమీదట రోగుల బంధువులతో సిబ్బంది మరింత ఓపికగా మాట్లాడితే బాగుంటుందని ఒక సలహా కూడా పడేశారు.

బావ ముడుచుకున్న చేతిని ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు.

"అంటే తప్పు నాదేనన్నమాట" అన్నాడు. "నిజం చెప్పరా. నేను ఆ రోజు అరిచి ఉంటే నా చెయ్యి నాకు దక్కేదా?"

 దక్కేదంటే, వాళ్ళ పాపం మొత్తం తీసి ఈయన నెత్తిన పెట్టినట్టు. దక్కేది కాదంటే, అది అబద్ధమేమోనని నాకే అనుమానం.

"నేను అరిచాను కదండీ" అంది అక్క. "గొంతు పోయేలా అరిచాను. ఏం చేశారు? నోరు మూసుకున్న మీకు నొప్పి లేదన్నారు. నోరు తెరిచిన నన్ను బయటికి గెంటారు."

బావ తలెత్తి ఆవిడ వైపు చూశాడు. పెళ్ళయినప్పటి నుంచీ ఆయన గొంతు పెంచి మాట్లాడింది నేను ఎరగను. ఇప్పుడూ పెంచలేదు. లోపల కుర్చీలో ఉన్న మనిషికి వినిపించకూడదన్నట్టు మెల్లగా అడిగాడు.

"మరి ఎవరు అరిస్తే వింటారే వాళ్ళు?"